అమ్మ చేతికి చెక్కిన పిడి

కిందటి వారం వెర్నా స్టిడమ్‌ని కోర్టు మెట్ల మీద వదిలాం. ఆమె చెప్పిందంతా జడ్జిగారు ఓపిగ్గా విన్నారు. "దారి మొగలో నిలబడటం నేరం కాదమ్మా" అని అంతే ఓపిగ్గా పంపేశారు.

నిలబడుతున్నవాడు ఆర్లిస్ గ్యాబార్డ్. మంచాన పడ్డ తల్లి ఓమాకి ఇచ్చిన నొప్పి మాత్రలు కాజేసి వాడు అమ్ముకుంటుంటే, ఇంటింటికీ తిరిగి రోగుల్ని చూసే నర్సు వెర్నా ఆ సంగతి బయటపెట్టింది. వాడికి పద్నాలుగు నెలల జైలు పడింది. తొమ్మిదో నెలలో ఓమా పోయింది. కడచూపుకి వాణ్ణి వదల్లేదు. విడుదలై మూడు వారాలైంది, ఈ మూడు వారాల్లో నాలుగుసార్లు వెర్నా ఇంటికి తిరిగే మలుపులో కనిపించాడు. ఒక్క మాట అనలేదు. ఆమె కారు పక్కనుంచి పోతుంటే టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. టోపీ తీయడం మర్యాదే కాబట్టి దాన్ని ఏ కాగితం మీద ఎలా రాయాలో షెరిఫ్ ఆఫీసులో ఎవరికీ తెలియలేదు.

అందుకని శుక్రవారం పదిన్నరకి, పొద్దుటి రోగుల్ని ముగించుకుని, వెర్నా ఓపల్ హెన్స్లీ కొట్టుకి వచ్చింది. ఒంటి మీద డ్యూటీ బట్టలే. అది ఓపల్ పెట్టిన షరతు.

"చర్చి బట్టల్లో వచ్చి తుపాకీ కొన్నవాళ్ళు దాన్ని చర్చికే తీసుకెళ్తారు. మిగతా ఆరు రోజులూ బీరువాలో పడుంటుంది. నువ్వు పనిలోకి వెళ్ళే బట్టల్లో రా" అని ముందు రోజే ఫోనులో చెప్పింది.

ఓపల్‌కి అరవై ఎనిమిదేళ్ళు. పన్నెండేళ్ళు కౌంటీ జైల్లో కాపలా ఉద్యోగం చేసి, ఇప్పుడు దాణా కొట్టు వెనక భాగంలో తుపాకులు అమ్ముతోంది. ముందు గదిలో కోళ్ళ మేత, గుర్రాల ఉప్పుగడ్డలు. వెనక గదిలో అద్దాల బల్ల, దాని పక్కనే నేలకి బిగించిన ఓ పాత కారు సీటు. ఆ సీటు ఎందుకో కొత్తవాళ్ళకి అర్థంకాదు. ఓపల్ చెప్పదు.

వెర్నా తమ్ముడు డోయల్ అప్పటికే వచ్చి, బల్ల మీద పెట్టిన, మధ్యలో మాంసం కూరిన సాసేజి బిస్కట్లలో రెండోదాన్ని కొరుకుతున్నాడు. వాడికి యాభై ఒకటి, ఇళ్ళ కప్పులు వేసే పని. తుపాకీ డబ్బులు తనే ఇస్తానని పట్టుబట్టి మరీ వచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ కాఫీ చుక్క ఇప్పించని మనిషికి ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందో అని వెర్నా దారంతా ఆలోచించింది. బయట వాడి ట్రక్కు ముందు సీట్లో కొత్త కుక్క కూర్చుని అద్దానికి ముక్కు ఆనించి చూస్తోంది. బీగిల్ జాతిది, కుందేళ్ళ వేటకి మేటి. పోయిన ఆదివారం బీన్సు, మొక్కజొన్న రొట్టె తింటున్నంతసేపూ వాడు దాని గురించే చెప్పాడు. ఆ కుక్క మాత్రం యజమానిని వదిలేసి వచ్చి వెర్నా బూట్ల మీద తల పెట్టుకుని పడుకుంది.

"అసలు కొనడం ఎందుకురా?" అంది వెర్నా. "నాన్న రివాల్వర్ నీ బీరువాలోనే ఉందిగా. అది నాకు అలవాటే."

"దానికి తుప్పు పట్టిందక్కా. స్ప్రింగు కూడా పోయింది. ఆ ముసలిదాన్ని నమ్ముకుంటావా?" అని డోయల్ బిస్కట్ మీద శ్రద్ధ పెట్టాడు.

ఓపల్ నీలం రంగు ప్లాస్టిక్ తుపాకీ ఒకటి తెచ్చింది. పేలదు, కొలత చూడటానికే. "నడుముకి దోపుకో" అంది.

వెర్నా దోపుకుంది. డ్యూటీ లాగుకి ఉండేది బొందే, బెల్టు కాదు. రెండడుగులు వేసేసరికి తుపాకీ జారి, లాగు కాలులోంచి కిందికి ప్రయాణం చేసి, చీలమండ దగ్గర బయటపడింది. డోయల్ పగలబడి నవ్వాడు.

"నవ్వుతావేంరా? ఊళ్ళో ఉన్న పదకొండుమంది నర్సుల్లో తొమ్మిదిమందికి మొగుళ్ళు బెల్టు ఒర కొనిచ్చారు. బెల్టు ఎక్కడుందో ఒక్కడూ చూళ్ళేదు" అంది ఓపల్. చొక్కా కింద కడుపుకి చుట్టే వెడల్పాటి పట్టీ ఒకటి తీసి వెర్నాకి కట్టింది. అందులో ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పేసే గట్టి ఒర ఉంది. నీలం తుపాకీ దాంట్లో కూర్చుంది.

"ఇప్పుడు ఆ దాణా బస్తా ఎత్తు."

"ఎందుకు?"

"రోగిని మంచం మీంచి కుర్చీలోకి ఎత్తవా? అలా ఎత్తు."

యాభై పౌండ్ల బస్తాని వెర్నా మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా పెట్టి, ఛాతీకి ఆనించుకుని లేపింది. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పనే. పిడి పక్కటెముకల్లో గుచ్చుకుంది. ఓపల్ పట్టీని రెండంగుళాలు జరిపి మళ్ళీ ఎత్తమంది. ఆ తర్వాత కారు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టించి, తీయించింది. కొత్తవాళ్ళకి అర్థంకాని సీటు ఎందుకో వెర్నాకి అప్పుడు తెలిసింది.

"రోగుల ఇళ్ళలోకి తీసుకెళ్ళకూడదు ఓపల్ అత్తా. మా ఆఫీసు రూలు. చొక్కా కింద కనబడిందా, ఉద్యోగం పోయినట్టే. కారులో పెట్టి తాళం వేసి వెళ్తాను."

"రోజుకి ఎన్ని ఇళ్ళు?"

"ఎనిమిది."

"అంటే ఎనిమిదిసార్లు పెట్టడం, ఎనిమిదిసార్లు తీయడం. జనం తమ కాళ్ళు తామే పేల్చుకునేది అక్కడే తల్లీ. ఒరలోంచి తుపాకీ తీయకు. ఒరతో సహా తీసి పెట్టెలో పెట్టు. ఒరతో సహా తిరిగి పెట్టుకో. ట్రిగ్గర్ ఎప్పుడూ నీ వేలికి దొరక్కూడదు, దొరకాల్సిన ఆ ఒక్కసారి తప్ప."

ఓపల్ బల్లలోంచి మూడు తుపాకులు తీసుకుని వెనక తలుపు తెరిచింది.

కొట్టు వెనక కొండ పాదాన్ని తొలిచి చదును చేసిన చోటు ఉంది. అక్కడ కర్రలకి చవక కాగితం పళ్ళాలు గుచ్చి ఉంటాయి. ఏడు గజాల దూరంలో పళ్ళెం మీద తగిలితే చాలని ఓపల్ లెక్క, అంతకంటే గొప్పలు పోటీలకి వెళ్ళేవాళ్ళు చూసుకోవచ్చు. చెవులకి చప్పుడు ఆపే మఫ్‌లు, కళ్ళకి అద్దాలు పెట్టుకుని వెర్నా నిలబడింది.

మొదట డోయల్ మెచ్చిన రివాల్వర్. సబ్బుబిళ్ళంత ఉంటుంది, అయిదు తూటాలు. "గొడవ లేదక్కా, గురిపెట్టు, నొక్కు. జేబులో ఉన్నట్టే తెలీదు" అన్నాడు. వెర్నా నొక్కింది. అరచేతి మీద బెత్తంతో కొట్టినట్టు చుర్రుమంది. రెండోసారి పేలకముందే చెయ్యి ముడుచుకుపోయింది. అయిదు తూటాలు అయ్యాక పళ్ళెం అంచున ఒక్క చిల్లు కనబడింది.

"పిట్ట కొంచెం, కూత ఘనం" అంది ఓపల్. "మోయడానికి తేలిగ్గా ఉన్నదల్లా కాల్చడానికి బరువు. రోజంతా మోసేది నువ్వే, కాల్చాల్సి వస్తే కాల్చేదీ నువ్వే. మీ తమ్ముడు కాదు."

రెండోది పలచటి పిస్తోలు. చొక్కా కింద పెడితే లేనట్టే ఉంది. కానీ దాని పైభాగాన్ని వెనక్కి లాగితేగాని తూటా లోపలికి ఎక్కదు. మనుషుల్ని ఎత్తీ ఎత్తీ అరిగిపోయిన వెర్నా బొటనవేలు ఆ స్ప్రింగుని గెలవలేకపోయింది. మూడుసార్లు ప్రయత్నించింది. మూడోసారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నొప్పికి కాదు. తన చేతులు తన మాట వినకపోవడం ఆమెకి కొత్త.

మూడోది వాటికంటే కాస్త లావు, అర వేలు ఎక్కువ పొడవు. పట్టుకుంటే చిటికెనవేలికి కూడా చోటుంది. పైభాగం మెత్తగా జరిగింది. పది కాల్చింది. తొమ్మిది పళ్ళెం మీదే పడ్డాయి, అందులో ఆరు నడిమధ్యన. డోయల్ ఈల వేశాడు. ఓపల్ మెచ్చుకోలేదు, పళ్ళెం పీకి మడిచి వెర్నా జేబులో పెట్టిందంతే.

వెర్నాకి సంతోషం కలగలేదు. భయమేసింది. పళ్ళెం ఛాతీ అంత ఉంటుందని నర్సుకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇదే ఇవ్వండి" అంది.

లోపలికి వచ్చాక ఓపల్ ఫారం ముందు పెట్టింది. డోయల్ పర్సు తీస్తూ, "నా పేరు మీద రాయొచ్చుగా, డబ్బులిచ్చేది నేనేగా" అన్నాడు.

"ఎవరు మోస్తే వాళ్ళే రాయాలి ఈ కొట్లో" అని ఓపల్ కలం వెర్నా చేతిలో పెట్టింది. వెర్నా పేరు, పుట్టిన తేదీ, చిరునామా రాసి, నేరాల గురించిన ప్రశ్నలన్నిటికీ లేదు లేదు అని గీతలు పెట్టింది. ఓపల్ ఫోను తీసుకుని, కొనేవాళ్ళ మీద కేసులున్నాయేమో చూసే ప్రభుత్వ ఆఫీసు గుమాస్తాకి ఆ వివరాలు చదివింది. ఇలాంటివి మామూలుగా రెండు నిమిషాల్లో తేలతాయి. రెండు నిమిషాలు అయిదయ్యాయి. ఓపల్ "ఆఁ" అంది, ఇంకోసారి "ఆఁ" అంది, ఫోను పెట్టేసింది.

"ఆపారు."

"ఆపడమేంటి? నా మీద ఏముందని?"

"నీ మీద ఏమీ లేదు. నీ పేరుతో ఇంకెవరో ఉండి ఉంటారు, చూసి చెప్తామన్నారు. మూడు పనిదినాలు. రేపు శని, ఎల్లుండి ఆది. అంటే బుధవారం."

వెర్నా బల్ల మీద ఉన్న తుపాకీ వైపు చూసింది. పది నిమిషాల కిందట తన చేతిలో ఉన్నదే. ఓపల్ దాన్ని పెట్టెలో పెట్టి, పెట్టెని బల్ల వెనక్కి జరిపింది.

"అయితే ఇప్పుడు నా పేరు రాయి అత్తా!" డోయల్ ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు. "నేను రెండు నిమిషాల్లో పాసవుతా. కొని అక్కకిచ్చేస్తా, అంతేగా!"

"ఒరే అబ్బాయ్, ఆమెకి ఆపారని తెలిసి నీ పేరు మీద ఇస్తే నువ్వూ నేనూ జైల్లో పక్కపక్క గదుల్లో ఉంటాం. అక్కడి కాఫీ నాకు పడదు, పన్నెండేళ్ళు తాగా."

"బుధవారం దాకా ఉత్త చేతులతో తిరగమంటావా?"

"ఉత్త చేతులెందుకు?" ఓపల్ ఆశ్చర్యంగా చూసింది. "మీ నాన్న రివాల్వర్ తెచ్చివ్వు. ఉక్కుది, బరువైంది, దెబ్బని తనలోనే దాచుకుంటుంది. ఆ సబ్బుబిళ్ళలా చేతి మీద చూపించదు. పైగా ఆ పిడి మీ అమ్మ చేతికని మీ నాన్న ఇంటెనక వాల్‌నట్ కర్రతో చెక్కింది. ఈ అమ్మాయి చేతిలో అచ్చు దిగినట్టుంటుంది. స్ప్రింగు పోయిన వేసవిలో నేనే మార్చానుగా, నువ్వే తెచ్చావు. కొత్తదానిలా ఉంది."

వెర్నా తమ్ముడి వైపు తిరిగింది.

"తుప్పు పట్టిందన్నావు" అంది వెర్నా.

డోయల్ పర్సు మూశాడు. తెరిచాడు. మళ్ళీ మూశాడు.

"డోయల్. నాన్న రివాల్వర్ ఎక్కడ?"

"మారకం వేశానక్కా."

ఆ ఊళ్ళో ప్రతి నెలా మొదటి శనివారం కోర్టు వెనక ఖాళీ స్థలంలో మారకం సంత జరుగుతుంది. కత్తికి రంపం, రంపానికి మేక, మేకకి తుపాకీ. కాగితం ఉండదు, చేతిలో చెయ్యి వేస్తే బేరం అయినట్టు. అవతలివాడి పేరు అడగకూడదు. వస్తువు ఎందుకని అసలే అడగకూడదు. అడిగితే నువ్వు దొంగవా అని అడిగినట్టే, తాతల నాటి నుంచీ అదే మర్యాద. డోయల్‌కి ఆ సంతలో పెద్ద పేరు. ఊరందర్నీ బోల్తా కొట్టించే బేరగాడినని ముప్ఫై ఏళ్ళుగా వాడి నమ్మకం.

"దేనికి?" అంది వెర్నా. అప్పటికే ఆమెకి తెలుసు. తెలిసినా వాడి నోటితో వినాలి.

"క్వీనీకి. అలాంటి వేటకుక్క ఈ చుట్టుపక్కల దొరకదక్కా! ఆ రివాల్వర్‌కి రెండింతలు చేస్తుంది. నక్కని తొక్కానే అనుకున్నా. ఆ మర్నాడే నువ్వు తుపాకీ కావాలన్నావు. ఏ మొహం పెట్టుకుని చెప్పను? కొత్తది కొనిచ్చేస్తే సరిపోతుందనుకున్నా."

"అమ్మ పిడి రా అది." వెర్నా గొంతు పెద్దదవలేదు, చిన్నదయింది. "నాన్న పోయే ముందు నీ చేతిలో పెట్టి ఏమన్నాడు?"

"నాకు గుర్తుంది."

"గుర్తుండి ఇచ్చావా?"

డోయల్ తలవంచుకున్నాడు. చిన్నప్పుడు కిటికీ అద్దం పగలగొట్టినప్పుడూ ఇలాగే నిలబడేవాడు. అప్పుడు జాలేసేది. ఇప్పుడు వెర్నాకి వాడి చెంప పగలగొట్టాలనిపించింది, అనిపించినందుకు సిగ్గు కూడా పడలేదు.

ఓపల్ మాత్రం బల్ల మీద మోచేతులు ఆనించి, జైల్లో మాట రాబట్టే గొంతుతో అడిగింది. "ఎవరికిచ్చావు?"

"పేరు అడగలేదు. అడక్కూడదుగా."

"ఎలా ఉన్నాడు?"

"గడ్డం. సన్నగా ఉన్నాడు. మంచి మర్యాదస్తుడు. వాళ్ళమ్మ పోయిందట, ఆ కుక్క వాళ్ళమ్మదట, చూస్తుంటే బాధగా ఉంది తీసుకెళ్ళమన్నాడు." డోయల్ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. "బేరం కూడా ఆడలేదత్తా. రివాల్వర్ చేతిలోకి తీసుకుని పిడి చూశాడు. ఇంత చిన్నగా ఉందేంటి, ఎవరి చేతికని అడిగాడు. మా అమ్మ చేతికి, ఇప్పుడైతే మా అక్కకొక్కదానికే పడుతుంది, ఆవిడ నర్సు, చేతులు చిన్నవి అన్నా."

"వాడేమన్నాడు?"

"ఏమంటాడు? నవ్వాడు. టోపీ తీశాడు."

వెర్నా కుర్చీ వెనక భాగం పట్టుకుంది.

"కోర్టుకి నాతో రమ్మన్నాను" అంది. "కప్పు పని ఉందన్నావు. ఒక్క పూట వచ్చి ఉంటే వాడి మొహం నీకు తెలిసేది."

డోయల్‌కి వెలగడానికి కొంచెం టైం పట్టింది. వెలిగాక మొహం సున్నం కొట్టినట్టయింది. "కాదక్కా. వాడు కాదు. గ్యాబార్డ్ అయితే జైలుకెళ్ళొచ్చినవాడు, వాడికి తుపాకీ ఎవరూ అమ్మకూడదుగా."

"కొట్లో అమ్మకూడదు" అంది ఓపల్. "అందుకే కొట్టుకి రాలేదు. ఏ తప్పూ చేయని మనిషిని బుధవారం దాకా ఆగమన్నారు. వాడు ఆగక్కర్లేకుండా నువ్వు చేతికిచ్చి, చెయ్యి కూడా కలిపి వచ్చావు."

వాదించడానికి డోయల్ నోరు తెరిచాడు. "గడ్డం ఉన్నవాళ్ళు, తల్లులు పోయినవాళ్ళు ఊరినిండా ఉన్నారక్కా!"

"ఉన్నారు" అని వెర్నా తలుపు వైపు నడిచింది. "కుక్కని అడుగుదాం."

ఓమా మంచం కింద ఓ కుక్క ఉండేది. ఎనిమిది నెలలు వారానికి మూడుసార్లు వెళ్ళినప్పుడల్లా అది చీకట్లోంచి ముక్కు మాత్రమే బయటపెట్టి వెర్నా బూట్లు వాసన చూసేది. ఓమా చెయ్యి కిందికి వేలాడేసి దాని చెవులు నిమురుతూ పేరు పెట్టి పిలిచేది. మొత్తం కుక్కని వెర్నా ఎప్పుడూ వెలుతుర్లో చూళ్ళేదు. ఆదివారం దాన్ని గుర్తుపట్టలేదు. అది మాత్రం ఆమెని గుర్తుపట్టింది.

బయట ఎండ ఉన్నా చల్లగా ఉంది. వెనక డోయల్, వాకిట్లో ఓపల్. ఓపల్ చేతిలో ఫోను ఉంది, షెరిఫ్ ఆఫీసులో ఎవరో ఆగమన్నట్టున్నారు, ఆగుతోంది. దగ్గర్లో ఉన్న డెప్యూటీ రావడానికి నలభై నిమిషాలు పడుతుందని ఈ లోయలో అందరికీ తెలుసు.

కుక్క ట్రక్కు సీట్లో చుట్టచుట్టుకుని పడుకుని ఉంది. డోయల్ ముందుగా, ఆశగా, "క్వీనీ! క్వీనీ!" అని పిలిచాడు. అది చెవి కూడా కదపలేదు.

వెర్నా తలుపు తెరిచింది. ఓమా పిలిచినట్టే, నెమ్మదిగా పిలిచింది.

"టాన్సీ."

కుక్క దిగ్గున లేచింది. ముందు కాళ్ళు ఆమె నడుము మీద వేసి, కొత్త పట్టీ ఖాళీగా ఉన్న చోట ముక్కు రుద్ది, చేతులు నాకింది. డోయల్ ట్రక్కు చక్రం పక్కన చతికిలబడి మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

వెర్నా కుక్క తల నిమిరింది. దాని తప్పేముంది పాపం. ఆదివారమే చెప్పింది, తను వినలేదు.

ఉన్నట్టుండి కుక్క నాకడం ఆపింది. తలెత్తింది. వెర్నా భుజం మీదుగా రోడ్డు అవతల, దాణా ట్రక్కులు ఆగే చోటికి చూసింది. చెవులు ముందుకొచ్చాయి. గొంతులోంచి సన్నటి మూలుగు వచ్చింది. చాలా రోజుల తర్వాత ఇంటివాళ్ళని చూసినప్పుడు కుక్కలు అలాగే మూలుగుతాయి.

వెర్నా వెనక్కి తిరగలేదు. కుక్క తోక వైపే చూస్తూ నిలబడింది. అది ఎంతో సంతోషంగా ఊగుతోంది.